మేడ మీద సిమెంటు రేకులు గ్రైండర్‌తో కోశారు, పాప ఆ ముక్కలతో ఆడింది. ఇప్పుడేం చేయాలి?

శైలజ, కంచరపాలెం:

అందరికీ నమస్కారం. మాది మా మామయ్యగారు కట్టించిన పాత డాబా ఇల్లు. మేడ మీద సగం మేర సిమెంటు రేకులు వేసి ఉన్నాయి. వాటి కింద బట్టలు ఆరేసుకుంటాం. ఒక మూల వాషింగ్ మెషిన్, ఇంకో మూల నీళ్ల డ్రమ్ము. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు అంతకుముందున్న రేకులన్నీ లేచిపోయాయి. నేనప్పటికి ఈ ఇంటికి కొత్త కోడలిని. గాలి తగ్గాక మామయ్యగారూ నేనూ సందులో పడ్డ ముక్కలన్నీ ఒట్టి చేతులతో ఏరి గోనెసంచుల్లో ఎత్తాం. రెండు నెలల తర్వాత ఆయన మళ్లీ అదే రకం వేయించారు. ఇనుప రేకులైతే మన ఉప్పుగాలికి ఎన్నాళ్లో ఆగవని ఆయన నమ్మకం.

మొన్న ఆదివారం మేడ మీద చిన్న గది వేద్దామని, అడ్డొస్తున్న నాలుగు రేకుల్ని సగానికి కోయించాం. మేస్త్రి, ఆయనతో పాటు పందొమ్మిది ఇరవై ఏళ్ల కుర్రాడు వచ్చారు. టైల్స్ కోసే గ్రైండర్‌తోనే కోశారు. నేను టీ పట్టుకుని పైకి వెళ్లేసరికి మేడంతా తెల్లటి పొగ. ఆరేసిన దుప్పట్ల మీద, డ్రమ్ము మూత మీద, తులసికోట మీద బియ్యప్పిండి చల్లినట్టు పొడి. ఆ కుర్రాడి కనురెప్పలు కూడా తెల్లబడ్డాయి. మూతికి తువ్వాలు చుట్టుకున్నాడు, అంతే. పని అయ్యాక చొక్కా విప్పి పిట్టగోడకేసి నాలుగు సార్లు దులిపి, అదే వేసుకుని వెళ్లిపోయాడు.

అసలు నాకు నిద్ర పట్టకుండా చేసింది సోమవారం సాయంత్రం చూసింది. మా పాపకి నాలుగున్నరేళ్లు. మేడ మీద గచ్చు మీద కూర్చుని, అరచేయంత రేకు ముక్క పట్టుకుని అ, ఆ, ఇ అని రాస్తోంది. సుద్దముక్కలా గీత చక్కగా పడుతోంది. రాసి, చేత్తో చెరిపి, పొడిని ఉఫ్ అని ఊదుతోంది. ముక్క లాక్కుని చూస్తే విరిగిన అంచున దూదిలాంటి సన్నటి పోగులు పైకి లేచి ఉన్నాయి. గోటితో లాగితే ఊడి వచ్చాయి.

ఇవి ఆస్బెస్టాస్ రేకులని, క్యాన్సర్ వస్తుందని ఆ రాత్రి ఫోన్లో చదివాను. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. పాపకి ఎక్స్‌రే తీయించాలా? మేడ మీద పొడి ఇంకా అలాగే ఉంది, తలుపు వేసి ఉంచాను. ఎలా శుభ్రం చేయాలి? మిగిలిన రేకులు వెంటనే తీయించేయాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

రమేష్, గోపాలపట్నం:

శైలజగారూ, అంత కంగారు పడకండి. మా ఇంటికి ముప్పై ఏళ్లుగా రేకులే. మా నాన్నగారూ, మేమూ వాటి కిందే పడుకున్నాం, పెరిగాం. ఎవరికీ ఏమీ కాలేదు. విశాఖలో సగం ఇళ్లకి అవే కదండీ.

ఛాతీ డాక్టర్, విశాఖపట్నం:

ముందు పాప సంగతి. ఎక్స్‌రే అవసరం లేదండి. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే జబ్బులు బయటపడటానికి పదేళ్లు మొదలుకుని నలభై ఏళ్ల పైన కూడా పడుతుంది. మొన్న పీల్చినది ఇవాళ ఫిల్మ్‌లో కనబడదు. పసిపిల్లకి ఊరికే రేడియేషన్ ఇచ్చినట్టవుతుంది. దాన్ని కడిగేసే మందూ లేదు, సిరప్పూ లేదు. ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

ఒకటి రెండు రోజులు పీల్చిన దానివల్ల జబ్బు వచ్చే అవకాశం చాలా చాలా తక్కువ. అసలు ఉండదని మాత్రం అనను, ఎందుకంటే ఇంతవరకైతే ఏమీ కాదని చెప్పగలిగే మోతాదు ఇప్పటిదాకా దొరకలేదు. ఎంత పొడి పీల్చారు, ఎన్నేళ్లు పీల్చారు అనే లెక్క మీద ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి జరిగినదాన్ని తలుచుకుని ఏడవొద్దు, ఇంకోసారి జరగనివ్వకండి.

ఆ పోగుల సంగతి చెప్తాను. ఆస్బెస్టాస్ అంటే రాతినార. ఒక రకం రాయే, కానీ పత్తిలా పోగులుగా విడిపోతుంది. రేకులో ఎక్కువ భాగం సిమెంటు, బూడిద. సుమారు పదో వంతు ఈ నార. రేకు గట్టిగా ఉన్నంతకాలం నార సిమెంటులో ఇరుక్కుని ఉంటుంది. గ్రైండర్ పెట్టగానే విడిపోయి గాలిలో కలుస్తుంది. మీ గోటికి దొరికినవి పోగుల కట్టలు. మనకి హాని చేసేవి అంతకంటే ఎంతో సన్నవి, కంటికి కనబడవు, నిలువునా చీలి ఇంకా సన్నమవుతాయి. మన ఊపిరితిత్తుల్లో లోపలికొచ్చిన దుమ్మును మింగేసే కణాలు ఉంటాయి. ఈ పోగు ఆ కణం కంటే పొడుగు. మింగడం మొదలుపెట్టి పూర్తిచేయలేక ఆ కణమే చచ్చిపోతుంది. ఆ చోట వాపు, వాపు మీద మచ్చ. ఇలా ఏళ్ల తరబడి జరిగి ఊపిరితిత్తి గట్టిపడితే అది ఆస్బెస్టాసిస్. పోగు ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరదాకా వెళ్తే కొందరికి మెసోథెలియోమా అనే క్యాన్సర్ వస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్, స్వరపేటిక క్యాన్సర్, ఆడవాళ్లలో అండాశయ క్యాన్సర్ కూడా దీనివల్ల వస్తాయని తేలింది. తెల్లదైనా, నీలిదైనా, గోధుమరంగుదైనా అన్ని రకాల ఆస్బెస్టాస్‌నీ ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి గ్రూపులో పెట్టింది, అంటే మనుషులకి క్యాన్సర్ తెస్తుందని రుజువైనవాటిలో. ఇంట్లో సిగరెట్ తాగేవాళ్లుంటే మానిపించండి. ఆస్బెస్టాస్‌కి పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక మేడ. చీపురు ముట్టుకోకండి, ఫ్యాన్ వేయకండి, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. అది పోగుల్ని వెనక నుంచి మళ్లీ గదిలోకి వదులుతుంది. పిల్లల్ని కిందే ఉంచండి. నీళ్లలో కొంచెం డిటర్జెంట్ కలిపి స్ప్రే బాటిల్‌తో మెల్లగా తడపండి. బకెట్‌తో గుమ్మరిస్తే పొడి లేస్తుంది. బాగా తడిశాక తడిగుడ్డతో ఒక వైపు నుంచి తుడుచుకుంటూ రండి. ఆ గుడ్డ ఉతికి మళ్లీ వాడకండి, ముక్కలతో పాటు మందపాటి ప్లాస్టిక్ కవర్లో వేసి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి టేపు చుట్టండి. దుప్పట్లు దులపకుండా, అక్కడే తడిపి విడిగా ఉతకండి. డ్రమ్ములో నీళ్లు పారబోసి లోపల తుడవండి. తాగిన నీళ్ల గురించి భయం వద్దు, దీని ప్రమాదం ముఖ్యంగా ఊపిరితోనే. ఆపరేషన్లకి వాడే పల్చటి మాస్కు ఈ పోగుల్ని ఆపదు, తువ్వాలు అంతకంటే పనికిరాదు. పి100 ఫిల్టర్ ఉన్న మాస్కు దొరికితే అది వాడండి.

వెంకటరావు, మల్కాపురం:

అమ్మా శైలజా, డాక్టరుగారు చెప్పింది అక్షరాలా చెయ్యి. నేను చదువుకున్నవాణ్ణి కాను. నాకు తెలిసింది నా ఒంటి మీద నేర్చుకున్నదే.

నా వయసు 71. షిప్పుల రిపేరు పనిలో ఇన్సులేషన్ ఫిట్టర్‌ని. 1976 నుంచి 24 ఏళ్లు కాంట్రాక్టర్ల కింద చేశాను. అప్పటి ఓడల్లో ఇంజిన్ రూం అంతా ఆవిరి పైపులే. ఆ పైపులకి చుట్టినదీ, బాయిలర్‌కి కప్పినదీ, తలుపు సందుల్లో తాడులా దూర్చినదీ అంతా ఆస్బెస్టాసే. పాతది ఉలితో కొట్టి ఊడదీయడం, కొత్తది చుట్టడం మా పని. తడిపి ఊడదీయాలని ఎవరో ఒకరిద్దరికి తెలుసు. తడిపితే ఆలస్యమవుతుందని పొడిగానే కొట్టించేవారు. కింద చీకటి. టార్చిలైటు వేస్తే ఆ వెలుగు పొడుగునా పోగులు మిలమిలా మెరుస్తూ తేలుతుండేవి. చూడ్డానికి అందంగా ఉండేది తల్లీ, అబద్ధం చెప్పను. మధ్యాహ్నం భోజనం అయ్యాక కొత్త బస్తాలు పరుచుకుని వాటి మీదే పడుకునేవాళ్లం. పరుపులా మెత్తగా ఉండేవి.

సాయంత్రం అవే బట్టలతో ఇంటికొచ్చేవాణ్ణి. మా ఆవిడ వీధిలో నిలబడి చొక్కా దులిపి అప్పుడు నానబెట్టేది. పిల్లలు కాళ్లకి చుట్టుకునేవారు. మీ ఇంటికొచ్చిన ఆ కుర్రాడు చొక్కా దులుపుకుని వెళ్లాడని రాశావు చూడు, అది చదివి నేను చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేసేవాణ్ణి, 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. 2008లో హనుమంతవాక దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందలేదు. రోడ్డు పక్క మజ్జిగ ఇచ్చేవాళ్ల బల్ల మీద కూర్చుండిపోయాను. పని మానేసి అప్పటికే ఎనిమిదేళ్లు. ఒక ఆస్పత్రిలో ఆయాసం అన్నారు, ఇంకోచోట టీబీ అని మందులు మింగించారు. కఫంలో ఏమీ రాలేదు, అయినా మింగించారు. చివరికి పెదవాల్తేరు ఛాతీ ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ ఫిల్మ్ వెలుతురుకి పెట్టి చూసి, మందుల సంగతి ఎత్తకుండా, "నాన్నగారూ, మీరేం పని చేసేవారు?" అని అడిగింది. అంతకుముందు చూపించుకున్న ఏ డాక్టరూ ఆ మాట అడగలేదు. పొర మీద తెల్లటి మచ్చలు గట్టిపడి ఉన్నాయి, ఊపిరితిత్తుల కింది భాగం వల అల్లినట్టుంది. జబ్బు పేరు ఆస్బెస్టాసిస్ అని అప్పుడు తెలిసింది. తగ్గేది కాదట, ఎక్కువ కాకుండా చూసుకోవడమే. ఇప్పుడు మా మేడ మెట్లు పన్నెండు, మధ్యలో ఒకసారి ఆగుతాను.

నాతో ఒకే గ్యాంగులో నలుగురం ఉండేవాళ్లం. ఇద్దరు పోయారు. అందులో ఒకడికి చివరిదాకా టీబీ అనే రాశారు. సుప్రీంకోర్టు 1995 జనవరిలో తీర్పిచ్చింది. ఆస్బెస్టాస్ పనివాళ్ల ఆరోగ్య రికార్డులు పనిలో చేరిన రోజు నుంచి 40 ఏళ్లు, లేదంటే రిటైరయ్యాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అప్పటిదాకా భద్రపరచాలని. ఫ్యాక్టరీల చట్టంలో తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఆస్బెస్టాసిస్ ఉంది. మా యూనియన్ ఆయన చదివి వినిపించారు. కానీ మేం రోజుకూలీలం. మా పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు. నేను ఆ ఓడల్లో దిగానని చెప్పడానికి నా ఊపిరితిత్తులు తప్ప ఇంకో సాక్ష్యం లేదు.

రమేష్ బాబూ, నువ్వు చెప్పింది అబద్ధం కాదు. చెక్కుచెదరని రేకు కింద పడుకుంటే నాకొచ్చింది రాదు. కానీ మీ ఇంటికి ఆ రేకులు కోసి బిగించినవాడు ఎక్కడున్నాడు, ఎలా ఉన్నాడు, అది నీకు తెలుసా? నాకు తెలిసిన ఇలాంటివాళ్లు ఏ లెక్కలోకీ రాకుండా పోయారు.

అప్పారావు, గాజువాక:

నేను పద్దెనిమిదేళ్లుగా రేకుల పని చేస్తున్నానండీ. వెంకటరావుగారు రాసింది చదివాక ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. నేనూ గ్రైండర్‌తోనే కోశాను. హుద్‌హుద్ తర్వాత మూడు నెలలు రోజుకి రెండేసి ఇళ్లు. రాత్రి ముక్కు చీదితే తెల్లగా వచ్చేది. సిమెంటు దుమ్మే కదా, పాలు తాగితే పోతుందనేవారు పెద్ద మేస్త్రులు. నేనూ నా కింద కుర్రాళ్లకి అదే చెప్పాను.

శైలజగారూ, మీ మిగతా రేకులు పగుళ్లు లేకుండా ఉంటే తొందరపడి పీకించకండి. పీకేటప్పుడే దుమ్మంతా. కోసిన అంచులకి, పాత మేకు రంధ్రాలకి తడిపి రెండు పూతలు పెయింట్ వేయించండి. పాచి పట్టిందని తీగ బ్రష్‌తో గీకించొద్దు, ప్రెషర్ పంపుతో కడిగించొద్దు.

తీయాల్సి వస్తే గాలి లేనప్పుడు చేయించండి. మన దగ్గర ఉప్పుగాలికి రేకుల్ని బిగించే జె-బోల్టులు తుప్పుతో అతుక్కుపోతాయి. సుత్తితో కొడితే రేకు పగులుతుంది. ముందు తడిపి, బోల్టునే కట్టర్‌తో కత్తిరించాలి. రేకుని నిండుగా దింపాలి, ఇద్దరు పట్టుకుని, తాడు మీద. పై నుంచి కిందకి విసరకూడదు. ఇంకోటి, రేకు మీద కాలు పెట్టనివ్వకండి. నార జబ్బు ఇరవై ఏళ్లకి వస్తుంది, రేకు విరిగి కిందపడితే ప్రాణం అప్పటికప్పుడే పోతుంది. మా తోటివాడు అలాగే పోయాడు, సిరిపురంలో పని చేస్తుండగా. కింద ఉన్న ఇనుప బద్దీల మీద చెక్క పలకలు పరిచి, వాటి మీదే నడవాలి.

దింపిన రేకుని ఎవరైనా అడిగితే ఇవ్వకండి. మేకల పాక మీద కప్పుకుంటారు, కాలవ మీద మూతగా వేస్తారు, పొయ్యి పక్క అడ్డం పెడతారు. మంట తగిలితే టపటపా పేలి ముక్కలు ఎగురుతాయి, నేను చూశాను. కొట్టి పునాదిలో పోస్తామనేవాళ్లూ ఉన్నారు. ప్లాస్టిక్ చుట్టి ఒక పక్కన పెట్టి, జీవీఎంసీ, అంటే మన నగరపాలక సంస్థ, జోనల్ ఆఫీసులో అడగండి. చట్టం ప్రకారం ఇది ప్రమాదకర వ్యర్థం, అలాంటివాటికి పరవాడలో కేంద్రం ఉంది. పొద్దున్న వచ్చే చెత్తబండిలో వేస్తే ఆ బండి ఎక్కేవాళ్లు పీలుస్తారు.

కొత్తవి కొనేటప్పుడు రేకు మీద ముద్ర చూడండి. ఐఎస్ 459 అని ఉంటే ఆస్బెస్టాస్ ఉన్నట్టే. ఆస్బెస్టాస్ లేని సిమెంటు రేకులు వస్తున్నాయి, బిల్లు మీద ఆ మాట రాయించుకోండి. అల్యూమినియం, జింక్ పూత ఉన్న రంగు రేకులు మీ మామయ్యగారు భయపడినంత తొందరగా తుప్పు పట్టవు, కాకపోతే స్క్రూలు మంచివి వాడాలి, ముందు కుళ్లేది అవే. వేసవిలో వేడెక్కుతాయి, వానకి చప్పుడెక్కువ. కింద ఇన్సులేషన్ షీటు వేస్తే సర్దుకుంటుంది.

శైలజ, కంచరపాలెం:

అందరికీ చేతులెత్తి నమస్కారం. డాక్టరుగారు చెప్పినట్టే చేశాం. మా ఆయనా నేనూ పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండు దాకా తుడిచాం. పాపని మా అమ్మ ఇంట్లో వదిలాను. అన్నీ ఏరితే ఇంత చిన్న మేడ మీద రెండు పెద్ద కవర్ల ముక్కలు వచ్చాయి. తులసికోట వెనక ఇంకో మూడు దొరికాయి. పాప దాచుకుంది, వరసగా, పెద్దది, మధ్యది, చిన్నది. జోనల్ ఆఫీసులో రాసిచ్చి వచ్చాను, కబురు పెడతామన్నారు. అప్పటిదాకా కవర్లు మేడ మీద రేకుల కిందే, టేపు వేసి ఉన్నాయి. గది పని ఆపేశాం.

మేస్త్రికి ఫోన్ చేసి ఆ కుర్రాణ్ణి ఒకసారి పంపమన్నాను. డబ్బులు బాకీ ఉన్నాయనుకుని వచ్చాడు. అదే చొక్కా. వాళ్లది శ్రీకాకుళం వైపు, జ్ఞానాపురంలో వాళ్ల అన్నయ్య ఇంట్లో ఉంటాడట, వదినకి నెలల పిల్లాడు. వెంకటరావుగారి మాటలు చదివి వినిపించాను. చివరిదాకా నిలబడే విన్నాడు. "రేపు మర్రిపాలెంలో ఇంకో ఇల్లుంది అక్కా, అక్కడ కూడా కోతే" అన్నాడు. మాస్కు కొనిచ్చాను, స్ప్రే బాటిల్ ఇచ్చాను. గ్రైండర్ వద్దు, తడిపి చేతిరంపంతో కోయండి అని మేస్త్రికి నేనే చెప్పాను. ఆలస్యమవుతుందన్నారు. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు. అప్పారావుగారూ, మీరు ఒకసారి ఆ మేస్త్రితో మాట్లాడతారా? పనివాళ్ల మాట పనివాళ్లు వింటారేమో. నంబరు మీకు విడిగా పంపిస్తాను.

వెంకటరావుగారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఆవిడగారికి ఎప్పుడైనా పరీక్ష చేయించారా?

వెంకటరావు, మల్కాపురం:

లేదమ్మా. ఆవిడ ఎప్పుడూ బాగానే ఉంది. చలికాలం దగ్గితే మాత్రం నేను నిద్ర లేచి కూర్చుంటాను. అడగడానికి భయం వేసింది.

ఛాతీ డాక్టర్, విశాఖపట్నం:

తీసుకురండి వెంకటరావుగారూ. ఆవిడకి ఏదో ఉందని కాదు. ఇన్నేళ్లు దులిపిన బట్టలు కూడా లెక్కలోకి వస్తాయి. ఒక ఎక్స్‌రే, ఊపిరి ఊదించే పరీక్ష ఒకటి, అవసరమైతే సీటీ. ఓపీలో ఎవరు చూసినా సరే, దగ్గు గురించి చెప్పేముందు "మా ఆయన ఆస్బెస్టాస్ పని చేశారు, ఆ బట్టలు 24 ఏళ్లు నేనే ఉతికాను" అని ఆవిడ చేతే చెప్పించండి. చీటీ మీద అది రాయించండి. మీ పాత ఫిల్ములు కూడా తెండి.

వెంకటరావు, మల్కాపురం:

సరే బాబూ. గురువారం మా అబ్బాయికి సెలవు. ఆ రోజు తీసుకొస్తాను.